వెనకవైపు

"ఇకనుంచి ఇవి వాడుకోండి," అంటూ రచయిత్రి తెల్లకాగితాల కట్టను చర్చి ఆఫీసు బల్లమీద ఠపీమని పెట్టింది.

గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టుకుని కట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. ప్రతి ఆదివారం పాటలు, ఆరాధన క్రమం ప్రింటు తీసి నలభైమందికి పంచేది ఆయనే. ఇన్నాళ్ళూ ఆ కాగితాలు ఆమె ఇచ్చినవే. పత్రికలవాళ్ళు కాగితానికి ఒకవైపే రాయమంటారు కదా! ఆమె ప్రతి కథనూ నాలుగు పత్రికలకు నాలుగు కాపీలు పంపేది. నాలుగూ బుద్ధిగా తిరిగొచ్చేవి. ఆ కథల వెనకవైపు ఖాళీగా ఉండటం చర్చికి కలిసొచ్చింది.

"అమ్మా, ఇవి రెండువైపులా ఖాళీగా ఉన్నాయేమిటి?"

"తెల్లకాగితాలు మరెలా ఉంటాయండీ? హాయిగా వాడుకోండి."

"అదికాదు... పోయినవారం పదో పేజీ దాకే ఇచ్చారు. ఇంకో పది పేజీలు ఉన్నాయన్నారు."

"చెత్తబుట్టలో వేశాను. ఇక నా దగ్గర కాగితాలుండవు. రాయడం మానేశాను."

గుమాస్తా నోరు తెరిచాడు. అందులోంచి మాట వచ్చేలోపు పక్క కుర్చీలోంచి టీచరుగారి గొంతు లేచింది. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనా చేతిలో ఎర్రపెన్ను మాత్రం రిటైర్ కాలేదు.

"మంచిపని చేశావమ్మాయ్. కథలంటే కల్పితాలేగా! దేవుడి బిడ్డలకు కల్పితాలతో పనేమిటి?"

రచయిత్రి ముఖం చిన్నబోయింది. నిన్న వచ్చిన సంపాదకుడి ఉత్తరం ఇంకా సంచిలోనే ఉంది. 'మీ కథలు ఎవరూ చదవరు. దయచేసి ఇక పంపకండి.' పొద్దున ప్రార్థనలో ఆమె ప్రభువుకు తెగేసి చెప్పింది. 'నా రాతలు చదివేవాళ్ళను ఒక్కరంటే ఒక్కరిని చూపించు. లేదా ఈ కలం ఇంతటితో సరి.'

ఇంతలో ఫోను మోగింది. గుమాస్తా ఎత్తి, నసుగుతూ అన్నాడు. "టీచరుగారూ, మీ తమ్ముడుగారు. ఇవాళ ఇక్కడికి వస్తారట."

"నాకు తమ్ముడు లేడని చెప్పు."

పన్నెండేళ్ళుగా ఆవిడ ఈ మాట మార్చలేదు. గుమాస్తా ఆ ముక్కే ఫోనులో మెత్తగా చెప్పి పెట్టేశాడు. ఆ తెల్లకాగితాల మీదే పాటలు ప్రింటు తీసేసరికి ఆరాధన గంట కొట్టారు. ఎవరి దారిన వాళ్ళు లోపలికి నడిచారు.

రచయిత్రి పాటలకు వాయించే కీబోర్డు ముందు కూర్చుంది. అక్కణ్ణుంచి అందరి ముఖాలూ కనిపిస్తాయి. మామూలుగా అయితే ప్రసంగం మొదలయ్యీ కాకముందే తలలన్నీ కాగితాల్లోకి వంగిపోతాయి. పాటల మీద వీళ్ళకింత భక్తి ఏమిటా అని ఆమెకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఇవాళ మాత్రం జనం కాగితం తిప్పారు. మళ్ళీ తిప్పారు. పక్కవాళ్ళ కాగితం లాక్కుని చూశారు. ఒకాయనైతే కుర్చీ కింద కూడా వెతికాడు. చివరికి వేరే దారిలేక నలభైమందీ తలలెత్తి పాస్టరుగారి వంక చూశారు. ఇంతమంది ఒకేసారి తనను చూడటం ఆయన ఎరగడు. పాపం, ఉత్సాహం పట్టలేక ప్రసంగం ఇంకో ఇరవై నిమిషాలు పొడిగించాడు.

ఆమెన్ అనగానే రచయిత్రి గబగబా బయల్దేరింది. ఆసుపత్రి కౌంటరులో ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ. ప్రతివారం ఇదే పరుగు. వసారాలో జనం గుంపులు గుంపులుగా ముచ్చట్లు పెట్టుకోవడం చూసి, పనిలేని కబుర్లని విసుక్కుంటూ వెళ్ళిపోయేది. ఇవాళ గుమ్మం దాటడానికి సందే లేదు. అందరూ అడ్డంగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ పోయినవారం కాగితాలున్నాయి.

"పదకొండో పేజీ ఏదమ్మా?" అన్నాడు దర్జీ. "కొడుకును చంపినవాణ్ణి చూడ్డానికి ఆ తల్లి జైలుకెళ్ళింది. తలుపు తెరుచుకుంది. అక్కడ ఆపేశారు! వారం నుంచి మా ఇంట్లో దీనిమీదే గొడవ."

"ఇది మీకెలా తెలుసు?"

"ఎలా ఏమిటి? ఒక్కొక్కరికి ఒక్కో పేజీ వస్తుంది. పదిమంది ఒకచోట చేరితే కథ పూర్తి. ప్రతివారం ఈ వసారాలో మేం చేసే పని అదేగా!"

గుమాస్తా చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "మీకు తెలుసనుకున్నామమ్మా. అందుకే ఇస్తున్నారనుకున్నాం."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక్కరు చాలని అడిగింది. నలభైమంది! ఒక్క పత్రిక కథను ఉంచేసుకున్నా, పదిమందికి కాగితం అందేది కాదు. తిప్పి పంపిన నాలుగు పత్రికలకూ పేరుపేరునా దీవెనలు పలికి, దేవుడికి గట్టిగా స్తోత్రం చెప్పింది. వసారా అంతా గొంతు కలిపింది.

"చెత్తబండి రేపు గానీ రాదు. ఇప్పుడే వెళ్ళి తెస్తాను," అంటూ కళ్ళు తుడుచుకుని మెట్లు దిగబోయింది.

వెనకనుంచి ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారు. టీచరుగారు! ఆవిడ రెండో చేతిలో పదో పేజీ నలిగిపోయి ఉంది. చివరి వాక్యం కింద ఎర్రగీత ఉంది. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం అక్కడెవరూ ఎన్నడూ వినలేదు.

"తర్వాత వెళ్దువుగాని. ఆ తల్లి వాణ్ణి క్షమించిందా లేదా, ముందది చెప్పు. మా తమ్ముడు గేటు దగ్గర ఎండలో నిలబడున్నాడు."