వంట రాని దొంగలు

బస్సు డ్రైవరు వార్డులోకి అడుగుపెట్టేసరికి, ఒక ముసలావిడ చెత్తబుట్టలో చెయ్యి పెట్టి ఉంది.

బుట్ట అతని కూతురి మంచం పక్కనే ఉంది. పాపకు ఎనిమిదేళ్లు. రక్తంలో క్యాన్సరు. వారం వారం ఎక్కించే మందు అప్పుడే అయిపోయింది.

ముసలావిడ చేతిలో ఆ మందు తాలూకు ఖాళీ సీసా.

"ఏంటమ్మా అది?"

ఆమె ఉలిక్కిపడింది. "ఖాళీదే బాబూ. పారేసిందే కదా అని..."

"పారేసింది నీకెందుకు?"

"ఉంచుకుందామని."

డ్రైవరుకు ఒళ్లు మండింది. నెలరోజులుగా అతనికి కంటి మీద కునుకు లేదు. ఖాళీ సీసాల్లో నీళ్లు నింపి మందని అమ్మేవాళ్లున్నారని నిన్ననే క్యాంటీన్‌లో ఎవరో అంటుంటే విన్నాడు.

"ఇందులో నీళ్లు పోసి అమ్ముతావు. పిల్లలు చస్తే నీకేం. అంతేనా?"

"అయ్యో, కాదు బాబూ. నేను..."

"ఎవరి తాలూకు నువ్వు? ఏ మంచం?"

"ఎవరి తాలూకూ కాదు."

వార్డంతా ఇటు తిరిగింది. గార్డు వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే డ్రైవరు ఆమె చేతిసంచి లాక్కుని మంచం మీద బోర్లించాడు.

కళ్లజోడు పెట్టె. బస్సు పాసు. చేతిరుమాలు. సగం తిన్న రొట్టె.

ఇంకో సీసా లేదు. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవడానికి అతనికి మనసొప్పలేదు.

"ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనిపించావంటే పోలీసులకు అప్పగిస్తా."

ఆమె సీసాను బల్ల మీద పెట్టింది. ఒక్కో వస్తువూ సంచిలో సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"పాపకు కడుపునొప్పి గానీ వస్తే వెంటనే డాక్టరుకు చెప్పు బాబూ. అరగలేదులే అని ఊరుకోకు."

"నీ సలహా ఎవరడిగారు?"

ఆమె వెళ్లిపోయింది.

"పాపం నాన్నా, నాకు కథ చెప్పింది" అంది పాప.

"ఏం కథ?"

"దొంగల కథ. వాళ్లకు వంట రాదట. ఇళ్లలో దూరి తినేస్తారట. అది కూడా ఒకే ఒక్క వంటకం. దాన్ని ముందే ముక్కలు చేసి పారేస్తే ఆకలికి చచ్చిపోతారట. ఆ ముక్కలు చేసే కత్తెర, కంటికి కనబడని బుల్లి జీవి దగ్గరుందట."

"దొంగ మరి దొంగల కథ కాక ఇంకేం చెప్తుంది?"

గార్డు నవ్వాడు. డ్రైవరూ నవ్వాడు.

మూడు వారాలకు పాప కడుపు పట్టుకుని మెలికలు తిరిగింది. ఇంకొకప్పుడైతే తిన్నది పడలేదనుకునేవాడే. ముసలావిడ మాట చెవిలో గింగురుమనడంతో, పాపను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు.

"ఆ మందుతో ఒక్కోసారి ఇలా అవుతుంది. ఇంకో పూట ఆగి ఉంటే చెయ్యి దాటిపోయేది. ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు డాక్టరు.

"ఎవరో అంటే విన్నాను సార్."

ఏడాదిన్నర గడిచింది. పాపకు జుట్టు మళ్లీ వచ్చింది. చికిత్స ముగిసిన రోజు డ్రైవరు డాక్టరుకు చేతులు జోడించాడు.

డాక్టరు పాప వైపు చూశాడు. "ఈ కబురు చెబుదామంటే పెద్దావిడ లేకపోయింది."

"ఏ పెద్దావిడ సార్?"

"ఎనిమిదో నంబరు మంచం పాప ఎలా ఉందని వారం వారం ఫోన్ చేసేవారు. నర్సులు మీ చుట్టమనుకున్నారు. పోయిన నెల కన్నుమూశారు."

"మాకెవరూ లేరు సార్."

"చుట్టం కాదయ్యా. ఒకసారి వార్డుకొచ్చి పాపతో మాట్లాడారట. తర్వాత నేనెంత పిలిచినా రాలేదు. ఆ పాపకు తండ్రి కాపలా గట్టిగా ఉంది, ఇక నేనెందుకు, అనేవారు."

డ్రైవరుకు చెత్తబుట్ట దగ్గరి ముసలావిడ గుర్తొచ్చింది.

"ఎందుకు రానన్నారో చెప్పారా సార్?"

"లేదు."

చెప్పేద్దామనుకున్నాడు. కానీ తల వంచుకుని నేలను చూస్తూ ఇంకోటి అడిగాడు.

"ఎవరు సార్ ఆవిడ?"

"సైంటిస్టు. ముప్పై ఏళ్లు ఒకే ఒక్క బ్యాక్టీరియాను పట్టుకుని కూర్చుని, క్యాన్సరు కణాల తిండిని ముక్కలు చేసే మందును, మీ పాపకిచ్చిన మందును, అందులోంచి తీసింది ఆవిడే. ఎంతమంది పిల్లలు బతికారో కాగితాల మీద చూసుకోవడమే గానీ, కళ్లారా చూసింది మాత్రం మీ పాప ఒక్కదాన్నే."