క్వారీ యజమాని పేరు

“ఈ పేరుంటే పుస్తకం అచ్చుకు పోదు” అంది ప్రచురణ సంస్థ లాయర్ బియాంకా. ఇంకో పేజీలో గాస్పరే షోర్తినో అన్న పేరును ఎర్ర కలంతో కొట్టేసింది.

సిసిలీలోని ఆ ఊళ్లో రాతి క్వారీ యజమాని పేరది. ఫ్యాక్టరీల విషపు చెత్త తెప్పించి క్వారీ గోతుల్లో పూడ్పిస్తాడు. ఆ సంగతి మేజిస్ట్రేటుకు చెబుతానన్న లారీ డ్రైవరు మర్నాడు బండరాయి కింద దొరికాడు. కోర్టు ప్రమాదమంది. ఊరు నోరెత్తలేదు. రచయిత ఎట్టోరే ఒక్కడే దాన్ని నేరపరిశోధన నవలగా రాశాడు. డ్రైవర్ని ఊరంతా పిలిచినట్టే అతనూ పిచ్చుక అనే రాశాడు.

డ్రైవరు భార్య ఆగాతా వంటింట్లో కూర్చున్నారు ముగ్గురూ. ఆమె అనుమతి సంతకం కోసమే బియాంకా మిలాన్ నుంచి వచ్చింది.

యజమానికి వేరే పేరు పెట్టమంది. ఎట్టోరే మూడు పేర్లు చెప్పాడు. ఫోనులో వెతికితే మూడు పేర్లతోనూ ఆ జిల్లాలో మనుషులున్నారు. ఎవరైనా పరువునష్టం దావా వేస్తారంది.

“గాడిద పేరు పెట్టనా?” అన్నాడు.

“మా ఊళ్లో గాడిదలకీ లాయర్లున్నార్లే” అంది ఆగాతా.

ఎట్టోరే కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. ఊళ్లో ఒక్కరైనా ఆ పేరు పైకి చదవాలని రాశాననీ, కల్పించిన పేరుతో అచ్చు వేసే కంటే వేయకపోవడమే నయమనీ అన్నాడు.

ఆగాతా కాఫీ గిన్నె దించింది. “చచ్చినవాళ్లు దావా వెయ్యరు కదా వకీలమ్మా?”

“వెయ్యరు. వాళ్ల తాలూకు వాళ్లు ఒప్పుకుంటే చాలు.”

“అయితే మా ఆయన పేరు పెట్టండి. సంతకం నేను పెడతా.”

ఎట్టోరే సంచి కింద పెట్టాడు.

“చంపినవాడికి చచ్చినాయన పేరా?” అంది బియాంకా. “మీకు కష్టంగా ఉండదూ?”

“ఉంటది. పెట్టండి.”

బియాంకా అనుమతి పత్రం రాసింది. ఆగాతా నిదానంగా సంతకం చేసింది. పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. పిచ్చుక అసలు పేరేమిటని బియాంకా అడిగింది.

ఆగాతా సొరుగులోంచి మరణ ధ్రువపత్రం తీసి ముందు పెట్టింది. బియాంకా చదివింది. మళ్లీ చదివింది.

గాస్పరే షోర్తినో.

“క్వారీ యజమానీ మా ఆయనా అన్నదమ్ముల బిడ్డలు వకీలమ్మా” అంది ఆగాతా. “ఇద్దరికీ తాత పేరే.”