ముగ్గురు పిల్లల తండ్రి

"ముగ్గురా? మా నాన్నకి ముగ్గురు పిల్లలా? మీకేమైనా మతి పోయిందా?"

రెనే పేపరును బల్ల మీద విసిరికొట్టింది. అయోవాలోని ఆ చిన్న ఊరికి ఉన్న ఒకే ఒక్క వారపత్రిక అది. నాలుగో పేజీ మరణవార్తల్లో ఆమె తండ్రి వెర్లిన్ హాఫ్‌స్టాడ్ నవ్వుతున్న ఫోటో, దాని కింద నాలుగు ముక్కలు. ముప్పై ఎనిమిదేళ్లు ధాన్యం గోదాము నడిపినవాడు. చర్చి పెద్ద. కుటుంబమే ప్రాణంగా బతికినవాడు. ఆయనకు భార్య ఆర్డిస్, ముగ్గురు పిల్లలు ఉన్నారు.

అంత్యక్రియలు జరిపించే ఓర్విల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రెనేని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి.

"నేను రాసింది కాదమ్మా. కిందటేడు మీ నాన్నే వచ్చి తన చేత్తో రాసిచ్చాడు. ఒక్క అక్షరం మార్చొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఆ మూడోవాళ్లెవరో మీరు అడగలేదా?"

"అడిగాను. 'వస్తాడు, చూద్దువుగాని' అన్నాడు."

వస్తాడట! రెనేకి ఒళ్లు మండిపోయింది. నలభై తొమ్మిదేళ్ల మనిషికి ఒక్కసారిగా చిన్నప్పటి కోపమంతా గొంతులోకి వచ్చింది.

నెలకి రెండు శనివారాలు. ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న పొద్దున్నే ట్రక్కు తీసుకుని వెళ్లేవాడు, పొద్దుగూకే వేళకి వచ్చేవాడు. ఎక్కడికని అడిగితే "పనుంది" అనేవాడు. హైస్కూల్లో ఆమె జట్టు సాఫ్ట్‌బాల్ ఫైనల్ గెలిచింది ఒక శనివారం. అందరి తండ్రులూ కంచె పట్టుకుని గొంతు చించుకుంటున్నారు. ఆమె తండ్రి లేడు. ఆమె పెళ్లి కూడా శనివారమే జరిగింది. చెయ్యి పట్టుకుని పెళ్లికొడుకు దాకా నడిపించాడు గానీ, కేకు కోయకముందే ట్రక్కెక్కాడు. "అక్కా, ఈయనకి ఇంకో ఇల్లుంది" అని తమ్ముడు కర్ట్ ఆరోజే గొణిగాడు. నోర్ముయ్యమంది. ఇప్పుడు ఆ మాటే అచ్చులో కనిపించింది.

ఇంటికి వెళ్లేసరికి తల్లి నల్ల గౌను ఇస్త్రీ చేసుకుంటోంది.

"అమ్మా, నాన్నకి ఇంకో కొడుకున్నాడని నీకు తెలుసా?"

ఇస్త్రీ పెట్టె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"తెలిసి కూడా వండిపెట్టావా? చొక్కాలు ఇస్త్రీ చేసి మరీ సాగనంపావా? రోషమన్నది లేదా నీకు?"

"శనివారం చొక్కా నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆయనే చేసుకునేవాడు."

"గొప్పే! మెడ పట్టి గెంటాల్సింది పోయి!"

"నా దగ్గర ఆ మాట ఎత్తొద్దన్నాను. యాభై రెండేళ్లు ఆయన ఎత్తలేదు. నువ్వూ ఎత్తకు."

"ఎత్తుతాను. రేపు అంత్యక్రియలకి వాడొస్తాడట. చర్చి గుమ్మం దాటనిస్తే నా పేరు రెనే కాదు."

ఆర్డిస్ మొహం పాలిపోయింది. "వస్తాడా?" అంది. ఇస్త్రీ పెట్టె గౌను మీద అలాగే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చాక గానీ తీయలేదు.

మర్నాడు రెనే చర్చి మెట్ల మీద కాపలా నిలబడింది. కోత అయిపోయిన మొక్కజొన్న పొలాల మీంచి చలిగాలి కోసేస్తోంది. కర్ట్ వచ్చి బతిమాలాడు.

"అక్కా, ఈ ఒక్కరోజుకీ వదిలెయ్యి."

"నువ్వెళ్లి అమ్మ పక్కన కూర్చో."

ఒక తెల్ల వ్యాను వచ్చి ఆగింది. అరవై ఏళ్ల ఆడమనిషి దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని పొట్టిగా, గుండ్రటి మొహంతో ఒకతను దిగాడు. జుట్టు నెరిసింది గానీ, పుట్టుకతోనే బుద్ధి ఎదగని మనిషని చూడగానే తెలిసిపోతోంది. కొత్త కోటు, పక్కకి జరిగిన టై.

రెనే అతన్ని సరిగా చూడను కూడా లేదు. ఆ ఆడమనిషి మీదికే వెళ్లింది.

"నువ్వేనా? మా శనివారాలన్నీ తిన్నది చాలలేదా? పోయినవాడి మీద కూడా హక్కుకొచ్చావా?"

ఆమె నివ్వెరపోయింది. "పొరబడ్డారండీ. నా పేరు డోరీన్. ఇలాంటివాళ్లని చూసుకునే హోమ్‌లో పనిచేస్తాను. వెర్లిన్ గారు శనివారాలు మా దగ్గరికే వచ్చేవారు. ఇతనికి తన చేత్తో గడ్డం గీసేవారు, చేపలు పట్టడానికి తీసుకెళ్లేవారు. మంచు తుఫానులో కూడా మానలేదు."

రెనే ఒక్క అడుగు తడబడింది. కోపం మాత్రం దిగలేదు. ఇంకో మనిషిని వెతుక్కుంది.

"మరి ఇతని తల్లేదీ?"

"ఆవిణ్ణి నేను చూడలేదు. నేను చేరి పాతికేళ్లయింది. ఒక్కసారి కూడా రాలేదు."

"కన్నబిడ్డని పారేసి, మా నాన్న నెత్తిన పెట్టిందా? అదీ ఒక ఆడదేనా? ఎక్కడుందో చెప్పండి, జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తాను!"

లోపలున్నవాళ్లంతా గుమ్మం వైపు తిరిగారు.

"నాన్న ఏడీ?" అన్నాడు అతను, మెడ సాచి లోపలికి చూస్తూ.

రెనే రెండు చేతులూ గుమ్మానికి అడ్డంగా చాచింది. "ఇది కుటుంబం వాళ్లకి మాత్రమే."

వెనక కర్ర చప్పుడైంది. ఆర్డిస్ కూతురి చెయ్యి తప్పించి మెట్టు దిగింది. అతను ఆమెను ఎరగడు. అయినా తండ్రి నేర్పినట్టు మర్యాదగా చెయ్యి చాచాడు.

"నమస్కారమండీ. నేను గ్లెన్ హాఫ్‌స్టాడ్‌ని."

ఆర్డిస్ ఆ చెయ్యి అందుకుంది. వదల్లేదు.

"అమ్మా, లోపలికి పద. ఎవతో పారేసినవాణ్ణి నువ్వు భరించక్కర్లేదు" అంది రెనే.

ఆర్డిస్ తలెత్తింది.

"వీణ్ణి కన్నది నేనే."