ఏడిస్తే నవ్వే మనిషి

లోపల పాప కెవ్వుమంది. బయట కిటికీ కింద నిలబడ్డ మనిషి నవ్వాడు.

అది చూసి తల్లి గుండె గుభేలుమంది.

ఆమె చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ప్రసూతి సెలవు అయిపోయి ఆ రోజే పనిలో చేరింది. చంటిపాపను పొద్దున్నే జోలమ్మ చేతికిచ్చి, ప్రాణం అక్కడే వదిలి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం మానుకుని పరుగెత్తుకొచ్చింది.

జోలమ్మ తన రెండు గదుల ఇంట్లో పనికెళ్ళే తల్లుల పసిపిల్లల్ని చూసుకుంటుంది. మిగతా చోట్లకు వెళ్తే జీతమంతా వాళ్ళకే ధారపోయాలి. పైగా జోలమ్మ ఇంట్లో పిల్లల ఏడుపన్నదే వినపడదని పేరు.

ఆ మనిషి భుజాన సంచీ, చేతిలో పసిపిల్లల్ని ఆడించే పసుపు రంగు గిలక. దాని పిడికి తెల్లటి ప్లాస్టర్ చుట్టి ఉంది. పాప ఏడుపు వినగానే గిలకను సంచీలో వేసుకుని, తనపాటికి తను వెళ్ళిపోయాడు.

"ఎవరాయన?" తలుపు దగ్గరే అడిగింది తల్లి.

"పిచ్చోడమ్మా. రోజూ ఇంతే. పడుకున్న పిల్లల్ని లేపిందాకా వాడికి తిన్నది అరగదు."

"ఒక్కసారి పాపని చూసి వెళ్తా."

"వద్దు తల్లీ. నిన్ను చూస్తే బెంగపెట్టుకుంటుంది. సాయంత్రం రా."

జోలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె వెనుదిరిగింది.

ఆ పూట కాలరు తలకిందులుగా కుట్టింది.

పక్క మిషన్ అక్క నవ్వింది. "జోలమ్మ దగ్గరుంటే భయమెందుకే? మా వాణ్ణి అక్కడే పెంచా, నోరెత్తేవాడు కాదు. మా ఆయన్ని కూడా నాలుగు రోజులు అక్కడ పడేద్దామా అనుకున్నా!"

ఆమెకు నవ్వు రాలేదు. కళ్ళు మూస్తే ఆ నవ్వే మొహమే.

మర్నాడు పొద్దున పాపను దింపి వస్తుంటే అతను దారికి అడ్డం వచ్చాడు.

"తల్లీ, ఇంటికొచ్చాక పాప పాలు తాగుతోందా?"

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "నీకెందుకు?"

"బాగా ఏడుస్తోందా?"

"జరుగు!"

"ఏడవనీ. ఏడిస్తేనే మంచిది."

పసిపాప గురించి ఎవరైనా అనే మాటేనా అది! పరుగు లంకించుకుంది.

ఇంటికి రాగానే భర్తకు చెప్పింది. అతను నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. మాటకన్నా చెయ్యి ముందు.

"పిల్లల్ని ఎత్తుకుపోయేవాడై ఉంటాడు. రేపు చెబుతా వాడి పని."

చెప్పాడు. మర్నాడు ఇద్దరు స్నేహితులతో వెళ్ళి, కిటికీ కిందే అతని కాలరు పట్టుకున్నాడు. తల్లి కాస్త దూరంగా నిలబడి చూసింది.

"కొట్టు బాబూ, పడతా. నా మాట మాత్రం విను. లోపల..."

చెంప ఛెళ్ళుమంది. గిలక ఎగిరి మురికి కాలువ గట్టున పడింది.

"ఒక్క ఏడుపు వినిపించాక వెళ్ళిపోతా బాబూ. ఒక్కటి!"

"మళ్ళీ ఈ వీధిలో కనబడితే కాళ్ళుండవు!"

అతను వెళుతూ వెళుతూ కిటికీ వైపే చూశాడు. ఆ తర్వాత కనబడలేదు.

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. జోలమ్మ అయితే మొగుడూ పెళ్ళాలిద్దరికీ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఆ సాయంత్రం నుంచీ పాప నిద్రలోనే ఇంటికి వస్తోంది. నిద్రలోనే రెండు గుక్కలు తాగి తల వాల్చేస్తోంది.

"ఇలా పడుకుంటోందేంటండీ?"

"ఏడ్చినా భయమే, పడుకున్నా భయమే నీకు! బంగారుతల్లిని కన్నావనుకో."

తనూ అలాగే అనుకుంది. కానీ పాలు నిండిన రొమ్ములు సలుపుతుంటే, లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. అందరూ ఇళ్ళకు వెళితే ఆమె జోలమ్మ ఇంటికి వచ్చింది.

చీమ చిటుక్కుమన్నా వినపడే నిశ్శబ్దం.

తలుపు తోసింది. జోలమ్మ పక్క గదిలో గుర్రు పెడుతోంది. చాప మీద పసిపిల్లలు వరుసగా పడి ఉన్నారు. ఒక బాబు పెదవి మీద ఈగ పాకుతోంది. వాడు కదల్లేదు.

కిటికీలో మందు సీసా. పక్కనే జిగటగా చెంచా. దానికి చీమలు.

"అమ్మలూ!"

పాప మెడ వెనక్కి వాలిపోయింది.

ఆమె పెట్టిన కేకకు ఇరుగుపొరుగు బిలబిలా వచ్చారు. ఆటో కోసం పరిగెత్తుతుంటే కాలువ గట్టున పసుపు గిలక కాలికి తగిలింది. ఎందుకో తెలియదు, తీసుకుంది. ఆసుపత్రి దాకా దాన్ని పాప చెవి దగ్గర ఊపుతూనే ఉంది.

పాప ఏడవలేదు.

"నిద్రమందు. రోజూ పోస్తున్నట్టున్నారు," అన్నాడు డాక్టర్. మిగతా పిల్లల కోసం అంబులెన్స్ పంపించాడు. తెరలు మూసుకున్నాయి.

ఎంతసేపైందో. తెర వెనక నుంచి సన్నగా, గొంతు పూడుకుపోయినట్టు, ఒక ఏడుపు.

తల్లి నవ్వింది.

నవ్వాక తెలిసింది, ఆ నవ్వు తను ఇంతకుముందు ఎక్కడ చూసిందో.

పాపను ఒడిలో పెట్టిన ముసలి నర్సు ఆమె చేతిలోని గిలకను చూసి ఆగిపోయింది. పిడి మీది ప్లాస్టర్‌ను వేలితో తడిమింది.

"ఇది నేను చుట్టిందేనమ్మా. పోయినేడు ఒకాయన, జోలమ్మ ఇంట్లో నిద్రపోయిన కూతురు లేస్తుందేమోనని, ఇదే మంచం పక్కన కూర్చుని పిడి విరిగేదాకా దీన్ని ఊపాడు."