గోడ తాగని ఆవిరి

అనంతపురంలో ఇప్పుడు తాగునీళ్లు ఇచ్చేది ఇంటి గోడలే. గాలిలోని తేమనంతా పీల్చి, కింద పెట్టిన బిందెలోకి వదులుతాయి. మనుషులకు బాగానే ఉంది కానీ, అమ్మ పోయేముందు నా చేతికిచ్చిన ఆర్కిడ్ మొక్కకు తేమ లేకపోతే పువ్వు విచ్చుకోదు. మొగ్గలన్నీ ఎండి రాలి, ఒక్కటే మిగిలింది. రోజూ నీటి తుంపర కొట్టేదాన్ని. ఆ నీళ్లు కాసేపటికి నా బిందెలోకే వచ్చి చేరేవి.

ఎదురింటి మాబున్నీ అది చూసి పకపకా నవ్వింది. "గోడ తాగేలోపలే మొక్క తాగల్ల గదక్కా! రేపట్నుంచి మా ఇడ్లీపాత్ర మూత ఈడికొచ్చి తీస్తాలే."

"ఆవిరి నా ఇంట్లో వదిలితే మీ బిందె నిండేదెట్ల?"

"ఒక చెంబు తగ్గుతాది, అంతే గదా. పువ్వు చూడొద్దా?"

మర్నాడు ఆమె వెనకే పైఇంటి ఓబులమ్మ గంజి వార్చే గిన్నెతో దిగింది. పక్కింటి సుంకన్న పెసలు ఉడికిన కుక్కరే ఎత్తుకొచ్చాడు. ఆకులకు సెగ తగలకుండా కాస్త దూరంగా కూర్చుని రోజూ మూతలు తీసేవాళ్లు.

ఈ పొద్దున పువ్వు విచ్చుకుంది. ఈ జాతికి వాసన ఉండదని అమ్మ అనేది. వంగి చూశాను. ఇడ్లీ, గంజి, ఉడికిన పెసల వాసన వచ్చింది.