కదలని ప్లేటు

డ్రిల్లు మాస్టారి మీద ఆయన భార్యకు ఒకటే ఫిర్యాదు. పాత కారు కాస్త దగ్గితే చాలు, బానెట్ ఎత్తి అందులో తల దూరుస్తారు. తాను దగ్గితే మాత్రం చలిగాలి అంటారు. మెట్ల మధ్యలో ఆగి రొప్పుతూ, పక్కింటి గోడకు వేసిన రంగు బాగుందంటారు. డాక్టరు దగ్గరికి పదండని ఆవిడ పోరుతూనే ఉంది.

"నేను విజిల్ ఊదితే గ్రౌండంతా బిగుసుకుపోయేది. నాకు డాక్టరేమిటే!" అంటూ మాస్టారు మళ్లీ బానెట్‌లోకి వంగారు.

ఇవాళ జబ్బు ఇంజిన్‌కి నిప్పురవ్వలు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి. దాని పక్కనుండే చిన్న డబ్బాలో రబ్బరు పొర చిరిగింది. ఇంజిన్ గాలి లాగినప్పుడల్లా ఆ పొర లోపలి ప్లేటును జరిపి, నిప్పురవ్వ కాస్త ముందుగా పడేలా చూడాలి. అది జరగక బండి ఈడుస్తోంది. మాస్టారు కొత్త డబ్బా తెచ్చి బిగించారు. పనిచేస్తోందో లేదో చూడటానికి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, డబ్బాకున్న ట్యూబు కొస నోట పెట్టుకుని గట్టిగా పీల్చారు.

"ప్లేటు కదిలిందా?" అని పక్కనున్న భార్యను అడిగారు.

"లేదండీ."

మళ్లీ పీల్చారు. మొహం కందిపోయింది.

"ఇప్పుడు?"

"ఊహూ."

"చూశావా! కొత్తదీ చిల్లే. ఆ కొట్టువాడి సంగతి తేలుస్తాను," అని రెండడుగులు వేసి, మడ్‌గార్డు పట్టుకుని ఆగిపోయారు.

"వాడి మీద కేకలెయ్యడానికైనా కాస్త ఊపిరి దాచుకోండి. ఇటివ్వండి, నేనూ ఓసారి చూస్తాను."

"నీవల్ల ఏమవుతుందే? వేడి పాలు ఊదుకున్నట్టనుకున్నావా?"

ఆవిడ ట్యూబు కొస కొంగుతో తుడిచి నోట పెట్టుకుంది. పెద్దగా బలమేమీ పెట్టకుండానే పీల్చింది.

ప్లేటు టక్కున జరిగింది.

మాస్టారు వంగి చూశారు. "మళ్లీ లాగు."

మళ్లీ జరిగింది. ఆయన ట్యూబు లాక్కుని తాను పీల్చారు. ప్లేటు ఉన్నచోటే ఉంది.

ఆవిడకు నవ్వు రాలేదు. ఆయన వేళ్లకంటిన గ్రీజు తుడుస్తూ మెల్లగా అంది: "బండికైతే కొట్లో కొత్తది దొరికిందండీ."

మాస్టారు మూత, ట్యూబు మళ్లీ బిగించి బానెట్ దించారు. తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు.

"కొట్టువాడిది కాదు, తప్పు నాదేనే. నువ్వే నడుపు, డాక్టరు దగ్గరికి పోదాం."