ఎముకలో గొంతు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ ఊరి ఎదుట సముద్రంలో ఒక చిన్న దీవి మీద గున్వోర్ ఒంటరిగా ఉండేది. చిన్నప్పుడే వినికిడి పోయింది. భర్త టూరె మాటల్ని ఏళ్ల తరబడి అతని పెదవుల మీదే చదువుకుంది. అతను పడవతో సహా సముద్రంలో కలిసిపోయాక వచ్చిన చలికాలంలో డాక్టర్లు ఆమె చెవి వెనక ఎముకలో టైటానియం స్క్రూ బిగించారు. ఎముక ఆ లోహాన్ని తనలో కలిపేసుకుంది. దానికి చిన్న వినికిడి యంత్రం తగిలిస్తే లోకం వినిపిస్తుంది.

ఆ సాయంత్రం పక్కింటి సీవెర్ట్ రొయ్యలు తెచ్చిచ్చాడు.

"రాత్రి యంత్రం తీసేస్తావుగా. ఇల్లు కూలినా తెలీదేమో నీకు?"

"తెలీదు. స్క్రూని ఎవరైనా తాకితే మాత్రం పుర్రె అంతా మోగుతుంది."

"నా గురక వినపడదుగా, అదృష్టవంతురాలివే" అని నవ్వి వెళ్లిపోయాడు.

గున్వోర్ తలుపు గడియ పెట్టి, యంత్రం తీసి బల్ల మీద ఉంచి, దీపమార్పి గోడవైపు తిరిగి పడుకుంది. అంతా నిశ్శబ్దం. కాసేపటికి పుర్రెలో టిక్కుమంది. దిండు తగిలిందేమోనని తల పైకెత్తింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉండగా మళ్లీ టిక్కుమంది, ఎవరో గోటితో మీటినట్టు. ఆమె కదల్లేదు. అప్పుడు తడిగా, చల్లగా రెండు పెదవులు స్క్రూకి ఆనాయి. ఎముకలోంచి ఒక మగగొంతు పలికింది.

"కొంచెం జరుగు. చలేస్తోంది."

టూరె గొంతు ఎలా ఉండేదో ఆమె ఏనాడూ వినలేదు. దీపం వెలిగించి ఆ పెదవులు చూస్తే ఎవరివో తెలిసిపోతుంది. కానీ గున్వోర్ దీపం వైపు చెయ్యి చాచలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, గోడవైపు జరిగి చోటిచ్చింది.